బల్ల వైపు, అవతలి వైపు

బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన, మధ్య గీతకు సరిగ్గా ఎదురుగా ఒక పొడవాటి బల్ల వేస్తారు. స్కోరు రాసేవాళ్లు, గడియారం నడిపేవాళ్లు అక్కడ కూర్చుంటారు. కువైట్‌లో నేను రెండు సీజన్లు ఆ బల్ల చివరి కుర్చీలో కూర్చున్నాను. నాకు ఆట రాదు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, సులైబియాలో గోడౌన్ల మధ్య ఉన్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో చేరినవాణ్ణి. ఒక క్లబ్బు హాల్లోని స్కోర్‌బోర్డు చూసుకునే పని మా కంపెనీది. ఆ బోర్డు పాతది. వేడెక్కితే ప్రతి అంకెలోనూ కుడివైపు పై గీత ఆరిపోయేది. 8 కాస్తా 6 లాగా, 9 కాస్తా 5 లాగా కనిపించేది. ఒక మ్యాచ్‌లో దానివల్ల పెద్ద గొడవ జరిగాక, ఆట నడిచినంతసేపూ ఒక టెక్నీషియన్ అక్కడే ఉండాలని క్లబ్బువాళ్లు పట్టుబట్టారు.

ఆ గీత ఆరనంతసేపూ నాకు పని లేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. గళ్ల కాగితం తెచ్చుకుని కనిపించింది రాయడం మొదలుపెట్టాను. మొదట, బంతి ఎన్ని చేతులు మారిందో రాశాను. తర్వాత, రింగుకు ఏ పక్క తగిలి బయటికి పోయిందో రాశాను. చివరికి ఒక్క మనిషి దగ్గర ఆగాను.

ఆయన మా జట్టు పాయింట్ గార్డ్. అంటే బంతిని అటు చివరి నుంచి తీసుకొచ్చి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేవాడు. లెబనాన్ మనిషి. అప్పటికి ముప్పై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్లుగా అదే వృత్తి, ఆరు దేశాలు. తన వృత్తి గురించి అడిగితే కప్పుల సంగతి, పతకాల సంగతి చెప్పేవాడు కాదు. నేలల సంగతి చెప్పేవాడు. "మొదటి నాలుగేళ్లు సిమెంటు. తర్వాత రెండేళ్లు సిమెంటు మీద రబ్బరు. ఆ తర్వాత చెక్క, కానీ చెక్క కింద మళ్లీ సిమెంటే. అసలైన నేల మీద కాలు పెట్టేసరికి నాకు ముప్పై దాటాయి."

ఆయన అరబీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నేను నాకొచ్చిన ముక్కలతో జవాబు చెప్పేవాణ్ణి. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను. అందరూ ఆయన్ని కెప్టెన్ అనేవారు, నేనూ అలాగే అన్నాను. ఆయన నన్ను 'యా ముహందిస్' అనేవాడు, ఓ ఇంజనీరూ అని. నాది డిప్లొమా మాత్రమేనని రెండుసార్లు సరిచేశాను. మూడోసారి నుంచి హాలంతా వినపడేలా పిలిచాడు.

నేను రాసింది ఇది. ఆయన బంతితో మధ్య గీత దాటిన ప్రతిసారీ, మొదటి కదలిక ఏ వైపు. రెండే వరసలు: బల్ల వైపు, అవతలి వైపు. ఎడమ, కుడి అని రాయలేదు. పాలిటెక్నిక్‌లో మా డ్రాయింగ్ మాస్టారు ఒక మాట చెప్పేవారు: ఎడమ అనగానే ఎవరి ఎడమ అనే ప్రశ్న వస్తుంది, కాబట్టి కదలని వస్తువు నుంచే కొలవండి అని. హాల్లో కదలని వస్తువు నేను కూర్చున్న బల్ల. ఒక్కో కాగితం సగం ఆటకే సరిపోయేది, అందుకని మ్యాచ్‌కి రెండు కాగితాలు అయ్యేవి. కోచ్ ఒకరోజు వాటిని చూసి, ఇకనుంచి నాకూ ఒక కాపీ ఇవ్వమన్నాడు.

కెప్టెన్‌కి అది తమాషాగా ఉండేది.

"యా ముహందిస్, ఇవాళ నేను ఎన్నిసార్లు ఊపిరి పీల్చానో కూడా రాశావా?"

"పీల్చినప్పుడు రాయలేదు కెప్టెన్. రొప్పినప్పుడు రాశాను."

"అయితే రెండో కాగితం నిండిపోయి ఉంటుంది."

జనవరి చివర్లో ఒక శుక్రవారం. నేను హవల్లీలో మా పిన్ని ఫ్లాట్‌లో ఉన్నాను. పిన్నిది పాలకొల్లు దగ్గర ఊరు, ఇప్పుడు హవల్లీలోనే ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎముకల డాక్టరు దగ్గర నర్సు. ఫైల్లో పెట్టడానికి కాగితాలకు బెజ్జాలు కొడుతున్నాను. ఎప్పుడూ మ్యాచ్‌ల వారీగా పెట్టేవాణ్ణి. ఆ రోజు బెజ్జాలు కొట్టడం సులువని, మొదటి సగం కాగితాలన్నీ ఒక దొంతర, రెండో సగం కాగితాలన్నీ ఒక దొంతర చేశాను. చేసి, చూసి, చెయ్యి ఆపేశాను.

మొదటి దొంతరలో, డిసెంబరు చివరి నుంచి గీతలన్నీ బల్ల వైపే. రెండో దొంతరలో అన్నీ అవతలి వైపే. రెండూ కూడితే ఎప్పుడూ దాదాపు సమానం. ఆ కూడికే నేను కోచ్‌కి ఇస్తూ వచ్చాను.

సగం ఆట అయ్యాక జట్లు రింగులు మార్చుకుంటాయి. మా జట్టు ఎప్పుడూ మొదటి సగంలో నా కుడి చేతి వైపు ఉన్న రింగు మీదికి, రెండో సగంలో ఎడమ చేతి వైపు రింగు మీదికి వెళ్లేది. నా కుడివైపు రింగుకు ఎదురుగా నిలబడ్డవాడికి కుడి అంటే బల్ల. ఎడమవైపు రింగుకు తిరిగి నిలబడితే కుడి అంటే అవతలి గోడ. అంటే ఆయన నాలుగు వారాలుగా తన కుడివైపు తప్ప వెళ్లలేదు. నవంబరు కాగితాల్లో అలా లేదు. అన్ని గళ్లూ కలగలిపి నిండి ఉన్నాయి. తప్పు నాదేమోనని మూడుసార్లు సరిచూశాను. నాది కాదు.

పిన్ని వంటింట్లో చేపలు కడుగుతోంది. కాగితాలు తీసుకెళ్లి, ఎవరివో చెప్పకుండా చూపించాను.

"ఏంట్రా ఈ గీతలు? జొరం చార్టా?"

"ఒక ఆటగాడివి పిన్నీ. నెల నించీ కుడివైపే ఎళ్తన్నాడు. ఎడంవైపు ఎళ్లటం మానేశాడు."

ఆమె తడి చేతులతోనే నిలబడి, పొయ్యికి ఎడమ పక్కకి ఒక్క అడుగు దూకినట్టు వేసి చూసుకుంది. మళ్లీ ఇంకోసారి వేసింది.

"కుడి మోకాలు. ఎడంపక్కకి పోవాలంటే కుడికాలే గదరా తన్నాల్సింది. ఆ తన్నుడుకే నొప్పెడతన్నాది."

"సీజను ముందు క్లబ్బు డాక్టరు అందరికీ మోకాళ్ల ఎక్స్‌రే తీయించాడంట. బానే ఉందన్నాడంట."

"ఎక్స్‌రేలో ఎముక కనపడద్ది. లోపల మెత్తగా ఉండేది అరిగితే దాన్లో ఏం కనపడద్ది? చూడూ, ఆ మడిసెవరో నీకు తెల్సినోడైతే ఆడొద్దని చెప్పు. ఒక్కసారి తెగిందంటే మెట్లు దిగటానికి కూడా లెక్కెట్టుకోవాల."

చెప్పాలనే అనుకున్నాను. ఆదివారం ప్రాక్టీసు ముందు ఆయనే నా పక్క కుర్చీలో కూర్చుని, అలవాటుగా నా ఫైలు లాక్కున్నాడు. రెండు దొంతరలకు రెండు క్లిప్పులు అలాగే ఉన్నాయి. మొదటిది తిరగేశాడు. రెండోది తిరగేశాడు. వంగి బూటు తాడు కట్టుకున్నాడు.

"ఇలా విడదీసి ఎవరికి చూపించావు?"

"మీ పేరు చెప్పకుండా మా పిన్నికి. ఆవిడ నర్సు."

"ఏమంది?"

"కుడి మోకాలు అంది. ఆడొద్దంది."

"మంచి నర్సు," అన్నాడు. "ఎదుటి జట్లలో ఒక్కడు కనిపెట్టలేదు. ఎడమవైపు చూస్తాను, భుజం అటు వంచుతాను, బంతి అటు విసురుతాను. నేను మాత్రం వెళ్లను. నాలుగు వారాలు." కాస్త గర్వంగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా అమ్మాయి పదకొండు చదువుతోంది. వచ్చే ఏడాది చివరి పరీక్షలు, ఇక్కడి స్కూల్లోనే. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా క్లబ్బుది. భార్యది, పిల్లది నా ఇఖామా మీదే. మార్చి చివర కొత్త కాంట్రాక్టు రాస్తారు. రాయకపోతే వేసవిలో ఖలాస్, ముగ్గురం విమానం ఎక్కుతాం. ఒక్క సీజన్, హబీబీ. ఒక్కటే."

"మోకాలు తెగిపోతే?"

"అది నా మోకాలు."

ఆయన లేచి, క్లిప్పులు రెండూ తీసి నా చేతిలో పెట్టాడు. "నిన్ను అబద్ధం రాయమని అడగను. మ్యాచ్‌ల వారీగా పెట్టుకో, ఎప్పటిలాగా. అంతే."

నేను అలాగే పెట్టాను. ఒక్క గీత మార్చలేదు, ఒక్క కాగితం తియ్యలేదు. అయినా ఆ ఫైలు తెరవాలంటే భయం వేసేది. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌లో బోర్డు మీద అంకెలకన్నా ఆయన కుడికాలే ఎక్కువ చూశాను. ఎదుటి గార్డు ఒక్క అడుగు ఆయన కుడి పక్కకి జరిగితే నా పెన్సిలు ఆగిపోయేది.

మార్చి మూడో వారంలో మేనేజర్ పిలిచాడు. కువైటీ, అరవై దగ్గర పడ్డవాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. బల్ల మీద కెప్టెన్ కాంట్రాక్టు ఫైలు ఉంది. అందులో ఎక్స్‌రే కవరు, డాక్టరు కాగితం.

"కూర్చో. నీ కాగితాలు అబద్ధం చెప్పవని కోచ్ అంటాడు. ఇవ్వు."

ఇచ్చాను. ఒక్కో మ్యాచ్ మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చాడు. ప్రతి జత చివరా నేను వేసిన కూడికలు చదివాడు.

"ఈ వైపూ ఆ వైపూ సమానంగానే వెళ్తున్నాడు."

"కూడితే సమానం సార్."

"మోకాలు బాగాలేదని బయట ఎవరో అంటున్నారు. నీకేమైనా కనిపించిందా?"

అడిగితే ఏం చెయ్యాలో కెప్టెన్ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

"నేను మోకాలు రాయలేదు సార్. వైపులే రాశాను."

ఆయన నవ్వాడు. దాన్ని టెక్నీషియన్ తెలివి అనుకున్నాడేమో. "సరే. పై కాగితం మీద మొత్తం రాసి సంతకం పెట్టు. ఇది కూడా ఫైల్లో ఉండాలి."

మొత్తం రాశాను. సంతకం దగ్గర పెన్ను ఆగింది. ఏ గుర్తుకు ఏది అర్థమో చెప్పే సూచిక లేని డ్రాయింగ్‌కి మా మాస్టారు సున్నా వేసేవారు. నేను ఇస్తున్నది సూచిక లేని డ్రాయింగ్. పది సెకన్లు ఆలోచించి ఉంటాను. సంతకం పైన, చిన్న అక్షరాలతో, ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను: వైపులు బల్ల నుంచి చూసినవి, సగం ఆట తర్వాత జట్లు రింగులు మార్చుకుంటాయి. దాని కింద సంతకం పెట్టాను. మేనేజర్ చదవలేదు. కువైట్‌లో ముద్ర పడందే ఏదీ కాగితం కాదు. ఆయన తేదీ వేసి, క్లబ్బు ముద్ర తీసి, నా సంతకం మీద గట్టిగా నొక్కాడు.

వారంలో కాంట్రాక్టు అయింది. కెప్టెన్ హాల్లోకి బక్లావా మిఠాయి పెట్టెతో వచ్చాడు. నాకు రెండు ముక్కలు ఇచ్చాక ఆ వాక్యం సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆయన పెట్టె మూసేశాడు.

"ఎవరు అడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"ఒక్క కోచ్, ఒక్క రిఫరీ, ఆట తెలిసిన ఎవడైనా ఆ ఫైలు తెరిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నోరు మూసుకున్నావు. చెయ్యి ఎందుకు మూసుకోలేదు?"

"అది లేకపోతే పట్టిక తప్పవుతుంది కెప్టెన్."

"నా కూతురు నీ పట్టికలో లేదు," అన్నాడు. నాలుగు నెలలు నన్ను ముహందిస్ అని పిలవలేదు. అవసరమైతే 'నువ్వు' అనేవాడు.

సెప్టెంబరులో కొత్త సీజను ప్రాక్టీసు మొదలైనప్పుడు ఒకటి గమనించాను. కోచ్ ఆటలన్నీ మార్చాడు. బంతి ఎప్పుడూ కోర్టు ఎడమ అంచు నుంచి మొదలయ్యేది. అక్కడి నుంచి ఎటు వెళ్లినా కుడికే వెళ్లాలి. ఆయన ఆ ఫైలు తెరిచాడో, కళ్లతోనే చూసుకున్నాడో నాకు తెలియదు. అడగలేదు. అలా నవంబరు గడిచింది, కొత్త సంవత్సరం వచ్చింది. నేను రాస్తూనే ఉన్నాను. మొదటి సగం, బల్ల వైపు. రెండో సగం, అవతలి వైపు. ప్రతి కాగితం అయిపోగానే ఒక రోజు గడిచినట్టు ఉండేది. జూన్‌లో అమ్మాయి పరీక్షలు అయ్యేవరకు ఎన్ని కాగితాలు పడతాయో నా దగ్గర లెక్క ఉంది.

ఫిబ్రవరిలో ఒక మ్యాచ్. రెండో సగం, స్కోరు దాదాపు సమానం. ఎదుటి జట్టు కోచ్ ఒక కొత్త గార్డుని దింపాడు. ఆ కుర్రాడు కెప్టెన్‌కి ఎదురుగా నిలబడలేదు. ఆయన కుడి భుజానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎడమవైపు అంతా ఖాళీగా వదిలేశాడు, తలుపు తెరిచి పట్టుకున్నట్టు. కనిపెట్టేశాడు.

మొదటిసారి కెప్టెన్ బంతి ఆపి వెనక్కి ఇచ్చాడు. రెండోసారి కూడా ఇచ్చాడు. ఆ కుర్రాడు నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏం అమ్మో, ఎడమవైపు కుక్క ఉందా?" అన్నాడని తర్వాత మా జట్టువాళ్లు చెప్పారు. అమ్మో అంటే అక్కడ బాబాయి.

మూడోసారి, గడియారంలో ఏడు సెకన్లు ఉండగా, కెప్టెన్ ఎడమవైపు వెళ్లాడు. రెండో సగంలో ఆయన ఎడమ అంటే నా వైపు. ఒక తన్ను, రెండు అడుగులు, గాలిలోనే రింగు కింద ఉన్నవాడికి బంతి ఇచ్చేశాడు. వాడు వేశాడు. హాలు అరిచింది. కెప్టెన్ బల్ల ముందు, నాకు చేతికి అందేంత దూరంలో కింద పడ్డాడు. లేవలేదు. తర్వాత తనే కూర్చుని, ఎవరినీ పట్టుకోనివ్వకుండా, కుడి బూటు తాడు విప్పుకున్నాడు.

నేను గడిలో గీత గీశాను. రెండో సగం కాగితంలో, బల్ల వైపు. ఏడాది పైన ఆ వరస ఖాళీగా ఉంది.

పది రోజుల తర్వాత మేనేజర్ మళ్లీ పిలిచాడు. ఈసారి గదిలో క్లబ్బు లాయరు కూడా ఉన్నాడు. పాత దెబ్బ దాచిపెట్టి సంతకం చేస్తే కాంట్రాక్టు ఆ రోజే రద్దు అని ఒక షరతు ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇది ఏడాది నాటి అరుగుదల అని రాసిచ్చాడు. రద్దయితే ఇఖామాలు కూడా రద్దు. అమ్మాయి పరీక్షలు ఇంకా మూడున్నర నెలలు ఉన్నాయి. నా కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాయి. లాయరు వేలు సరిగ్గా ఆ వాక్యం మీద ఉంది.

"ఇది ఎప్పుడు రాశావు?" అన్నాడు మేనేజర్. "దెబ్బ తగిలాక వచ్చి రాయలేదు కదా?"

"సంతకం పెట్టిన రోజే సార్, మీ ముందే. ముద్ర చూడండి."

ఆయన కాగితం ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. ముద్ర తాలూకు నీలం వలయం నా అక్షరాల మీదుగా వెళ్లింది. అక్షరాలు కింద, ముద్ర పైన. లాయరు కూడా చూశాడు. రెండు సగాలనూ విడదీసి పెట్టుకుని, వరసల మీద పెన్ను ఆనించి, మేనేజర్‌తో మెల్లగా అన్నాడు: "కాంట్రాక్టు కంటే వారం ముందే ఇది మన ఫైల్లో ఉంది. దాచాడని అనలేం. మనమే చదవలేదు."

మేనేజర్ నా వైపు తిరిగాడు.

"ఆ రోజు నేను నిన్ను అడిగాను. నువ్వు చెప్పావా, దాచావా?"

"తెలీదు సార్."

నిజంగా తెలియదు. ఆయన ఫైలు మూశాడు. "ఖలాస్. జూన్ వరకు ఉంటాడు. బోర్డు పని ఇక వేరేవాణ్ణి పంపమని మీ కంపెనీకి చెప్తాను."

అలా ఆ కుర్చీ పోయింది. మళ్లీ సులైబియా గోడౌన్లో ఫ్యూజులు మార్చడం.

జూన్‌లో, పరీక్షలు అయిన వారానికి, కెప్టెన్ ఫోన్ చేశాడు. సామాను దించాలి, రమ్మన్నాడు. హవల్లీలో ఆయన ఫ్లాట్ నాలుగో అంతస్తు. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యడం లేదు. భార్యా కూతురూ చిన్న సంచులతో ముందే దిగిపోయారు. నేను పెద్ద పెట్టెతో ఆయన వెనక దిగుతున్నాను. ఆయన కుడికాలు ముందు కిందికి పెట్టి, ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకుని, మళ్లీ కుడికాలు పెడుతున్నాడు. దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. ఆ పద్ధతి నేర్పింది మా పిన్నే. చివరి నెలల్లో ఆయన ఆవిడ పనిచేసే క్లినిక్‌కే వెళ్లాడు.

రెండో అంతస్తు మలుపులో ఆగి, గోడకి ఆనుకున్నాడు.

"మీ పిన్ని నన్ను ఇంకా తిడుతూనే ఉంది. ఆడొద్దని చెప్పి పంపితే వినలేదట. నువ్వు చెప్పావు అని చెప్పాను."

"ఒక్కసారే చెప్పాను కెప్టెన్. గట్టిగా చెప్పలేదు."

"గట్టిగా చెప్పినా వినేవాణ్ణి కాదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆ చివరిది, అది ఎటు రాశావు?"

"బల్ల వైపు."

ఆయన తల ఊపాడు. మిగిలిన మెట్ల వైపు చూసి, నా రెండు చేతుల్లో ఉన్న పెట్టె వైపు చూశాడు.

"యా ముహందిస్, రాసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు కాబట్టి గుర్తుపెట్టుకో. నా చివరి నేల. నాలుగు అంతస్తులు, సిమెంటు."

కింద నుంచి టాక్సీవాడు హారన్ కొట్టాడు. ఆయన కమ్మీ పట్టుకుని, కుడికాలు ముందు పెట్టాడు.